కిటికీలోంచి బజారును చూసిన పెద్దాయన



ఈ నెల మహనీయుల పేజీలో శాస్త్రవేత్తనో, స్వాతంత్ర్య సమరయోధుడినో పరిచయం చేస్తానని అనుకొని ఉంటారు. ఈసారి ఒక చిత్రకారుడి గురించి రాస్తున్నాను. ఆయన పేరు కమీల్ పిస్సారో. ఫ్రాన్స్‌లో ఇంప్రెషనిస్టులు అనే పేరుతో ప్రసిద్ధులైన చిత్రకారుల బృందంలో వయసులో పెద్దవారు. ఐదుగురు కొడుకుల తండ్రి. ఆ ఐదుగురూ బొమ్మలు వేసేవాళ్లే అయ్యారు. అలాంటి ఇల్లు ఎలా గడిచింది, ఆ పిల్లల తల్లి ఎంత పడింది అన్నది కూడా ఈ జీవితకథలో భాగమే. మనలాంటి వాళ్లం చదవాల్సింది బహుశా ఆ భాగమే.

ముందు ఆయన వేసిన ఒక బొమ్మ చూద్దాం. పేరు ‘శీతకాలపు ఉదయాన బులెవార్డ్ మోంమార్త్ర్’. 1897లో వేశారు. ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. సుమారు 65 సెంటీమీటర్ల ఎత్తు, 81 సెంటీమీటర్ల వెడల్పున్న కాన్వాస్. పారిస్ నగరంలో అటూ ఇటూ దుకాణాలున్న ఒక పెద్ద వీధి. దాన్ని పై అంతస్తు కిటికీలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఆకులు రాలిపోయిన చెట్ల వరుసలు. నడిమధ్య గుర్రపు బండ్లు. పేవ్‌మెంట్ల మీద జనం. దూరంగా ఉన్న మేడలు మంచులో కలిసిపోయాయి. తొలిచూపులో అంతా బూడిద రంగే అనిపిస్తుంది. కాసేపు చూస్తే అందులో నీలం, ఊదా, లేత గోధుమ రంగు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

మనుషులకు ముఖాలు లేవు. దగ్గరికి వెళ్లి చూస్తే మనిషే లేడు, రెండు మూడు కుంచె దెబ్బలు మాత్రం ఉన్నాయి. నాలుగడుగులు వెనక్కి వస్తే అవే దెబ్బలు నడుస్తున్న మనిషి అవుతాయి. కోటు కాలరు పైకెత్తుకొని త్వరత్వరగా పోతున్న మనిషి. వీళ్లలో రాజు లేడు, దేవుడు లేడు, యుద్ధవీరుడు లేడు. పొద్దున్నే పని మీద బజారుకు వచ్చినవాళ్లు, అంతే. మన పిల్లలు డ్రాయింగ్ షీట్ మీద మనిషిని గీస్తే ముందు కళ్లు, ముక్కు పెడతారు. ఈయన నడకను పెట్టారు.

ఆ కిటికీ దగ్గర నిలబడి బొమ్మ వేస్తున్నప్పటికి ఆయన వయసు 66 ఏళ్లు. తెల్లని పొడుగు గడ్డం. కంటి జబ్బు. ఆ కిటికీ దాకా వచ్చిన దారి చాలా పొడుగైనది. అది సముద్రం అవతల, మంచు అంటే ఏమిటో తెలియని ఒక దీవిలో మొదలైంది.

పిస్సారో 1830 జూలై 10న కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవిలో పుట్టారు. అప్పట్లో ఆ దీవి డెన్మార్క్ పాలనలో ఉండేది. తండ్రి ఫ్రాన్స్ నుంచి వచ్చి స్థిరపడిన యూదు వ్యాపారి. చనిపోయిన మేనమామ దుకాణం వ్యవహారాలు చూడడానికి వచ్చి, ఆ మేనమామ భార్యనే పెళ్లాడారు. అక్కడి యూదు సమాజం ఆ పెళ్లిని చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. పిల్లలు నల్లజాతి పిల్లలు చదివే బడిలో చదువుకున్నారు. దుకాణం మాత్రం బాగా సాగేది. కొడుకు పెద్దయ్యాక దాన్ని చూసుకోవాలన్నది తండ్రి ఆలోచన. అందులో తప్పేముంది? ఏ తండ్రి అయినా అలాగే అనుకుంటాడు.

12 ఏళ్ల వయసులో కొడుకును పారిస్ పక్కన పాసీ అనే చోట బోర్డింగ్ స్కూలుకు పంపారు. మంచి చదువు చదివి వ్యాపారం అందుకుంటాడని. ఆ స్కూలు నడిపే సవారీ అనే ఉపాధ్యాయుడు పిల్లవాడి చేతిలోని నేర్పును గమనించారు. డ్రాయింగ్ నేర్పారు. దీవికి తిరిగి వెళ్లాక పుస్తకాల్లోని బొమ్మలను కాకుండా ఎదురుగా కనిపించేదాన్ని చూసి గీయమని చెప్పి పంపారు. ఒక టీచరు ఐదేళ్లలో చెప్పిన పాఠాలన్నిట్లోనూ ఆ ఒక్క మాట 60 ఏళ్లు నిలబడింది. తోటి టీచరుగా నాకది చదివినప్పుడు సంతోషమూ వేసింది, కొంచెం భయమూ వేసింది. మనం అన్న మాటల్లో ఏది పిల్లల వెంట వెళుతుందో మనకు తెలియదు కదా.

17 ఏళ్లకు తిరిగి వచ్చి తండ్రి దగ్గర పనిలో చేరారు. రేవులో దిగే సరుకు లెక్క రాసుకోవడం ఆయన పని. ఓడ వచ్చేలోపు, కూలీలు పెట్టెలు మోస్తున్నప్పుడు, ఖాళీ దొరికినప్పుడల్లా బొమ్మలు గీసేవారు. ఆ రోజుల్లోనే ఫ్రిట్జ్ మెల్బీ అనే డెన్మార్క్ చిత్రకారుడు పరిచయమయ్యాడు. 1852లో ఇద్దరూ కలిసి వెనిజులా వెళ్లిపోయారు. అక్కడ కారకాస్ పట్టణంలో, లా గ్వైరా రేవులో రెండేళ్లు ఉన్నారు. కారకాస్ బజారులో కూర్చొని అమ్మేవాళ్లను, కొనేవాళ్లను, గంపలు దించుకుంటున్న ఆడవాళ్లను వరుసగా గీశారు. ఆయన చేతికి బజారు అలవాటైంది అక్కడే. ఆ అలవాటు చివరి దాకా పోలేదు.

రెండేళ్ల తర్వాత కొడుకు తిరిగి వచ్చాడు గానీ మనసు దుకాణంలో లేదని తండ్రికి అర్థమైంది. 1855లో కమీల్ పారిస్ వెళ్లారు. మళ్లీ దీవి ముఖం చూడలేదు. ఇష్టం లేకపోయినా ఆ తండ్రి ఖర్చులకు డబ్బు పంపారు. తండ్రి పోయాక తల్లి కూడా ఆదుకున్నారు. గొప్పవాళ్ల జీవితాలు రాసేటప్పుడు తల్లిదండ్రులు వద్దన్న సంగతే రాస్తారు. వద్దంటూనే పంపిన డబ్బు సంగతి రాయరు. అందుకే ప్రత్యేకంగా రాశాను.

పారిస్‌లో ఆయన పెద్ద చిత్రకారుడు కొరో దగ్గర సలహాలు పొందారు. అకాడెమీ స్వీస్ అనే చోట మోడల్‌ను చూసి గీస్తూ సాధన చేస్తున్నప్పుడు క్లాడ్ మోనే, తర్వాత పాల్ సెజాన్ స్నేహితులయ్యారు. ఆ రోజుల్లో చిత్రకారుడికి పేరు రావాలంటే ఒకటే తలుపు ఉండేది. ప్రభుత్వ ఆమోదంతో ఏటా జరిగే ‘సలోన్’ అనే ప్రదర్శన. అక్కడి న్యాయనిర్ణేతలకు పురాణాలు, చరిత్ర ఘట్టాలు, నున్నగా మెరిసే పనితనం ఇష్టం. పొలం గట్టు, బురద దారి, తోటకూర మడి వేసేవాళ్ల పట్ల వాళ్లకు చిన్నచూపు. పిస్సారో బొమ్మలను ఒక ఏడు తీసుకున్నారు, ఒక ఏడు తిప్పికొట్టారు.

1860 ప్రాంతంలో ఆయన జీవితంలోకి జూలీ వెలే వచ్చారు. బర్గండీలో ద్రాక్షతోటల పల్లెకు చెందిన అమ్మాయి. పిస్సారో తల్లి ఇంట్లో పనికి కుదిరింది. ఇంటి పనిమనిషిని కోడలిగా చేసుకోవడానికి ఆ కుటుంబం ఒప్పుకోలేదు. ఇద్దరూ వేరుగా కాపురం పెట్టారు. చట్టప్రకారం పెళ్లి జరిగింది 1871లో, ఇంగ్లాండ్‌లోని క్రాయ్‌డన్‌లో. అప్పటికి పెద్ద కొడుకు లూసియన్‌కు 8 ఏళ్లు. ఇల్లు గడవడానికి పిస్సారో కిటికీలకు వేసే తెరల మీద బొమ్మలు వేసే పనికి కూడా వెళ్లారు.

ఇంగ్లాండ్ ఎందుకు వెళ్లారంటే, 1870లో ఫ్రాన్స్‌కు, ప్రష్యాకు యుద్ధం వచ్చింది. లూవెసియెన్ అనే ఊళ్లోని ఇల్లు వదిలి కుటుంబంతో లండన్ చేరారు. ఖాళీ ఇంట్లో ప్రష్యా సైనికులు దిగారు. బయట బురద. కాళ్లు తుడుచుకోవడానికి, నడవడానికి పిస్సారో కాన్వాసులను నేల మీద పరుచుకున్నారు. ఇల్లు వదిలేనాటికి దాదాపు 1500 బొమ్మలు ఉండేవంటారు. తిరిగి వచ్చేసరికి సుమారు 40 మిగిలాయి. 15 ఏళ్లకు పైబడిన పని బురదలో కలిసిపోయింది. అప్పుడాయనకు 40 ఏళ్లు దాటాయి. మళ్లీ మొదలుపెట్టారు. ఆ లండన్ రోజుల్లోనే పోల్ డ్యురాన్-రుయెల్ అనే బొమ్మల వ్యాపారి పరిచయం కావడం ఒక్కటే దక్కిన మేలు. తర్వాత పాతికేళ్ల పాటు ఎక్కువ బొమ్మలు కొన్నది ఆయనే.

సలోన్ తలుపు తెరుచుకోకపోతే మన ప్రదర్శన మనమే పెట్టుకుందామని మోనే, రెన్వార్, దెగా, సెజాన్, బెర్త్ మొరిసో తదితరులతో కలిసి పిస్సారో ఒక సంఘం కట్టారు. సంఘం నియమాలు రాసే పని ఆయనే నెత్తిన వేసుకున్నారు. తాను ఉంటున్న పొంత్వాజ్ పట్టణంలోని రొట్టెలు చేసేవాళ్ల సంఘం నియమాలను నమూనాగా తీసుకున్నారు. 1874 ఏప్రిల్ 15న పారిస్‌లో ప్రదర్శన మొదలైంది. దానికి సరిగ్గా 9 రోజుల ముందు పిస్సారో దంపతుల కూతురు జాన్ రాషెల్ చనిపోయింది. ఇంట్లో మినెత్ అని పిలిచేవారు. తొమ్మిదో ఏడు. ప్రదర్శన గురించి రాసే పుస్తకాలు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తాయి. నేనూ ఇంతకంటే ఎక్కువ రాయలేకపోతున్నాను.

ఆ ప్రదర్శనలో పిస్సారో పెట్టిన ఐదు బొమ్మల్లో ఒకటి తెల్లవారుజామున గడ్డకట్టిన పొగమంచు పరుచుకున్న పొలం. కట్టెలమోపు మోసుకెళుతున్న ఒక మనిషి. పొలం మీద పడిన చెట్ల నీడలు. చెట్లు మాత్రం బొమ్మలో లేవు, అవి మనం నిలబడిన వైపు ఉన్నాయి. విమర్శకుడు లూయీ లెరువా దీన్ని మురికి గుడ్డ మీద గీకి పారేసిన రంగుగా వెక్కిరించాడు. మోనే బొమ్మ పేరులోని ‘ఇంప్రెషన్’ అనే మాటను పట్టుకొని బృందం మొత్తాన్నీ ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి పేరే చరిత్రలో నిలిచింది. 1886 వరకు ఇలాంటి ప్రదర్శనలు ఎనిమిది జరిగాయి. ఎనిమిదింటిలోనూ పాల్గొన్నది పిస్సారో ఒక్కరే. మిగతావాళ్లు అలిగారు, విడిపోయారు, తిరిగి వచ్చారు. ఈయన ఉన్నచోటే ఉన్నారు.

పిస్సారోను చాలామంది గురువుగా భావించారు. సెజాన్ ముక్కోపి, ఎవరితోనూ పొసగని మనిషి. పొంత్వాజ్ వచ్చి పిస్సారో పక్కన ఈజిల్ పెట్టుకొని ఒకే దృశ్యాన్ని ఇద్దరూ చెరోవైపు వేసేవారు. పిస్సారో బొమ్మ ఒకటి అరువు తీసుకెళ్లి మొత్తం మళ్లీ వేసి చూసుకున్నాడు. ఆధునిక చిత్రకళకు మూలపురుషుడని లోకమంతా కొలిచే స్థాయికి వచ్చాక కూడా, తన సొంత ఊరిలో ప్రదర్శన పెట్టినప్పుడు పేరు కింద పిస్సారో శిష్యుడినని రాసుకున్నాడు. అప్పటికి పిస్సారో లేరు. షేర్ మార్కెట్‌లో ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో బొమ్మలు వేసుకునే గోగాన్ కూడా ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చే విన్సెంట్ వాన్ గోను చూసుకోవడానికి ఓవేర్ ఊళ్లోని డాక్టర్ గాషే పేరు సూచించింది కూడా ఈయనే.

బయట అందరికీ పెద్దదిక్కు. ఇంట్లో సంగతి వేరు.

బొమ్మలు అమ్ముడుపోయేవి కావు. పోయినా వచ్చేది తక్కువ. పిల్లలు పెరుగుతున్నారు. లూసియన్ తర్వాత జార్జ్, ఫెలిక్స్, లుదోవిక్ రొదో, కూతురు జాన్, చివరివాడు పాల్ ఎమిల్. చనిపోయిన కూతురి పేరే తర్వాతి కూతురికీ పెట్టుకున్నారు. జూలీ కూరగాయలు పండించారు, కోళ్లను, కుందేళ్లను పెంచారు. అప్పులవాళ్లు తలుపు తడితే సమాధానం చెప్పింది ఆమే. ఎందుకంటే భర్త పారిస్‌లో బొమ్మలు పట్టుకొని వ్యాపారుల చుట్టూ తిరుగుతూ ఉండేవారు. ఆ రోజుల్లో మ్యురేర్ అనే మిఠాయి దుకాణదారుడు పిస్సారో బొమ్మలను లాటరీ పెట్టాడు. బొమ్మ గెలుచుకున్న ఒక పనమ్మాయి దాని బదులు క్రీమ్ బన్ను ఇస్తే చాలని అడిగిందని కథగా చెప్పుకుంటారు. మనకు నవ్వొస్తుంది. జూలీకి వచ్చి ఉండదు.

అందుకే పిల్లలు ఏదైనా స్థిరమైన పని నేర్చుకోవాలని జూలీ పట్టు. పిస్సారోకు మాత్రం పిల్లవాడు పెన్సిల్ పట్టుకుంటే సంబరం. పిల్లలంతా కలిసి ఇంట్లో చేత్తో బొమ్మలు వేసి ‘ల గిన్యోల్’ అని సొంత పత్రిక తయారు చేసుకునేవారు. పాల్ ఎమిల్ ఐదేళ్ల వయసులో ఒక తెల్లగుర్రం గీస్తే తండ్రి దాన్ని తన సొంత సేకరణలో దాచుకున్నారు. మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపు మీద అంటించినట్టే అనుకోండి.

1883లో లూసియన్‌కు 20 ఏళ్లు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి, ఉద్యోగం చూసుకోవడానికి లండన్ పంపారు. ఇంగ్లీషు వస్తే బతుకుతెరువు దొరుకుతుందన్న లెక్క ఆ రోజుల్లో ఫ్రెంచి ఇంట్లోనూ ఉందన్నమాట! అప్పటి నుంచి తండ్రి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. 20 ఏళ్ల పాటు ఆపలేదు. రోజూ గీయమని, తొందరపడవద్దని, ఎవరి పద్ధతినీ అరువు తెచ్చుకోవద్దని రాసేవారు. అదే ఉత్తరంలో కింద ఇంటి అద్దె కట్టలేదని, ఫలానా వ్యాపారి మాట తప్పాడని, అమ్మ దిగులుగా ఉందని కూడా ఉండేది. కొడుకుకు కష్టం దాచిపెట్టి కలను మాత్రమే చూపించలేదు. ఈ విషయంలో ఆయన మీద నాకు గౌరవం. జూలీ మాట తప్పని మాత్రం చెప్పలేను. రెండు వైపులా పిల్లల మీద ప్రేమే ఉంది. ఒకరు పిల్లల చేతుల్ని చూశారు, ఒకరు పిల్లల పళ్లేల్ని చూశారు.

1884లో కుటుంబం ఎరాన్యీ అనే చిన్న పల్లెకు మారింది. మూడు కిలోమీటర్ల దూరంలో జిసోర్ పట్టణం. అక్కడ జరిగే సంత పిస్సారోకు నచ్చింది. అంతకుముందు పొంత్వాజ్ సంతనూ వేశారు. కోళ్లు అమ్మేవాళ్లు, గుడ్ల గంపలు, తలకు రుమాలు కట్టుకున్న ఆడవాళ్ల బేరాలు. పల్లెవాళ్లు, పట్నంవాళ్లు ఒకరి భుజానికి ఒకరు తగులుతూ నిలబడేది సంతలోనే. అందుకే అక్కడ ఒకరి ముందు ఒకరు ఎలా నిలబడతారో, డబ్బు ఇచ్చేటప్పుడు చెయ్యి ఎలా చాపుతారో ఆయన గమనించారు. సంతలో చిన్న కాగితాల మీద గబగబా గీసుకొని, ఇంటికి వచ్చి పెద్ద బొమ్మగా కూర్చేవారు. ‘పంది మాంసం కొట్టు అమ్మాయి’ అనే బొమ్మకు జూలీ సోదరి కూతురినే మోడల్‌గా కూర్చోబెట్టారు.

ఆ తర్వాత నాలుగైదేళ్లు ఆయన జార్జ్ సెరా అనే కుర్రవాడి పద్ధతిలో చిన్న చిన్న చుక్కలతో బొమ్మ వేయడం మొదలుపెట్టారు. సెరాకు పాతికేళ్లు, ఈయనకు 55. తనకంటే 29 ఏళ్లు చిన్నవాడి దగ్గర కొత్తగా నేర్చుకోవడం గొప్ప సంగతే. కానీ ఒక్కో బొమ్మకు చాలా కాలం పట్టేది, కొనేవాళ్లకు నచ్చలేదు, రాబడి ఇంకా పడిపోయింది. ఆ గొప్పతనానికి ఖర్చు జూలీ వంటింట్లో పడింది. చివరికి ఆ పద్ధతిలో తన స్వేచ్ఛ పోతోందని ఆయనే వదిలేశారు.

1892లో డ్యురాన్-రుయెల్ పారిస్‌లో పెద్ద ప్రదర్శన పెట్టాక పరిస్థితి తెరిపిన పడింది. 60 దాటాక వచ్చిన గుర్తింపు. అదే ఏడాది అద్దెకున్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. భర్త లండన్‌లో ఉండగా జూలీయే మోనేను 15,000 ఫ్రాంకులు అప్పు అడిగి ఇల్లు దక్కించుకున్నారు. చదువు పెద్దగా లేని ఆ తల్లి ఆ ఇంట్లో అందరికంటే ముందుచూపున్న మనిషి అని నాకనిపిస్తుంది.

ఇక కన్ను. కన్నీటి నాళానికి చీము పట్టే జబ్బు ఆయనను ఏళ్ల తరబడి బాధించింది. చలిగాలి, దుమ్ము తగిలితే కన్ను వాచిపోయేది. జీవితమంతా ఆరుబయట ఈజిల్ పెట్టుకొని, గాలికి వానకు నిలబడి బొమ్మలు వేసినవాడికి ఇది పెద్ద దెబ్బ. కిటికీ మూసుకొని గాజు వెనక నుంచి వేయడం తప్ప దారిలేదు. ఆయన ఆ కిటికీలనే వెతుక్కున్నారు. రువాన్ పట్టణంలో హోటల్ గది తీసుకొని వంతెనలను, రేవును వేశారు. 1897 ఫిబ్రవరిలో పారిస్‌లోని హోటల్ ద రుసీలో ఒక పెద్ద గది అద్దెకు తీసుకున్నారు. కింద బులెవార్డ్ మోంమార్త్ర్ చివరిదాకా కనిపిస్తుంది.

ఏప్రిల్ వరకు ఆ ఒక్క కిటికీ దగ్గరే ఉండి అదే వీధిని 14 సార్లు వేశారు. మబ్బు పట్టిన పొద్దున ఒకటి, వానలో ఒకటి, కార్నివాల్ ఊరేగింపు రోజున ఒకటి, చెట్లు చిగురు వేశాక ఒకటి. వీధి అదే, దుకాణాలు అవే. పొద్దు మారింది, జనం మారారు. ఈజిల్ కదలనక్కర్లేదు, కాన్వాసు మారిస్తే చాలు. మంచు కమ్మిన పొద్దున ఒక కాన్వాసు, ఎండ రాగానే దాన్ని పక్కన పెట్టి మరో కాన్వాసు. ఒక బొమ్మ మాత్రం రాత్రిపూటది. వీధి నడుమ కరెంటు దీపాల తెల్లని వెలుగు, దుకాణాల గ్యాసు దీపాల పసుపు, వరుసగా నిలబడిన బండ్ల నూనె దీపాల మినుకు. మూడు రకాల వెలుగులు తడిసిన రోడ్డు మీద మెరుస్తూ ఉంటాయి. ఆ బొమ్మ మీద ఆయన సంతకం చేయలేదు, బతికుండగా ప్రదర్శనలో పెట్టలేదు. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఈ బొమ్మలు చూసినవాళ్లకు ఆ ఏడాది ఆయన చాలా సంతోషంగా ఉన్నారనిపిస్తుంది. ఆ వసంతంలోనే లూసియన్ లండన్‌లో తీవ్రంగా జబ్బుపడ్డారు. తండ్రి పరుగున వెళ్లి నెలల తరబడి దగ్గరుండి చూసుకున్నారు. లూసియన్ కోలుకున్నారు. నవంబరులో మూడో కొడుకు ఫెలిక్స్ లండన్‌లోనే క్షయవ్యాధితో చనిపోయాడు. 23 ఏళ్లు. కొడుకులందరిలో చెయ్యి తిరిగినవాడు అతనేనని తండ్రి నమ్మకం. కొద్ది వారాలకే పిస్సారో పారిస్‌లో మరో హోటల్ గది తీసుకున్నారు. హోటల్ ద్యు లూవ్ర్. కింద అవెన్యూ ద లోపెరా. మళ్లీ జనం, మళ్లీ బండ్లు, తడిసిన రోడ్లు. ఆ చలికాలపు బొమ్మల్లో ఏడుపు వెతికితే దొరకదు. కిటికీ దగ్గర నిలబడి పని చేసుకున్నారు, అంతే.

అదే 1898లో ఫ్రాన్స్‌ను డ్రైఫస్ వ్యవహారం కుదిపేసింది. తప్పుడు నేరం మోపి శిక్షించిన యూదు సైనికాధికారి కోసం రచయిత ఎమిల్ జోలా గొంతెత్తారు. పిస్సారో జోలా వైపు నిలిచారు. ఆయన ప్రేమగా వేసిన ఆ వీధుల్లోనే యూదులకు వ్యతిరేకంగా అరుస్తూ గుంపులు తిరిగాయి. పాత స్నేహితుడు దెగా ఆయన ఎదురైతే పలకరించడం మానేశాడు. రెన్వార్ కూడా దూరమయ్యాడు. ఒకప్పుడు కలిసి ప్రదర్శనలు పెట్టినవాళ్లు. అదే వేసవిలో పిస్సారో రువాన్ వెళ్లి, కెథడ్రల్ పక్క ఇరుకు సందులో సంత జరుగుతుండగా ఆ సందును వేశారు. వెనక ఆకాశాన్నంటే గోపురాలు, కింద గుడారాలు, కూరగాయల దగ్గర మూగిన జనం.

చివరి చలికాలాలు పారిస్ నడుమ, సెన్ నది మధ్యనున్న దీవిలో అద్దె ఇంట్లో గడిచాయి. కిటికీలోంచి పాంట్ న్యూఫ్ వంతెన, దాని మీద జనం. మంచు పడితే మంచులో, ఎండ కాస్తే ఎండలో వేశారు. 1903 నవంబరు 13న 73 ఏళ్ల వయసులో చనిపోయారు. పేర్ లషేజ్ శ్మశానంలో సమాధి ఉంది. బులెవార్డ్ మోంమార్త్ర్ వరుసలోని వసంతకాలపు బొమ్మ ఒకటి 2014లో లండన్ వేలంలో దాదాపు 2 కోట్ల పౌండ్లు పలికింది.

తండ్రి పోయేనాటికి పాల్ ఎమిల్‌కు 19 ఏళ్లు. తెల్లగుర్రం గీసిన పిల్లవాడు. ఇక ఈ ఒక్కడైనా స్థిరమైన పని చేయాలని జూలీ పట్టుబట్టారు. అతను మోటారు కార్ల మెకానిక్‌గా పని చేశాడు, తర్వాత బట్టల మీద, లేసుల మీద డిజైన్లు గీశాడు. కొన్నేళ్లకు పూర్తిగా చిత్రకళలోకి వచ్చి 1972లో చనిపోయేదాకా బొమ్మలు వేశాడు. లూసియన్ లండన్‌లో స్థిరపడి, చిత్రకారుడిగానే కాక చేత్తో అచ్చువేసిన అందమైన పుస్తకాల ప్రెస్సుతో పేరు తెచ్చుకున్నారు. ప్రెస్సుకు తమ ఊరి పేరే, ఎరాన్యీ అని పెట్టుకున్నారు. లుదోవిక్ రొదో తండ్రి బొమ్మలన్నిటినీ ఏళ్ల తరబడి వెతికి జాబితా కట్టారు. 1939లో అది అచ్చయింది. జూలీ 1926 వరకు జీవించారు. పిల్లలు ఏమయ్యారో ఆమె చాలావరకు చూసే వెళ్లారు.